కార్బురేటర్ మార్చకుండానే మా గడ్డి మిషన్‌ను బాగుచేసిన దుకాణం

నెల్లూరు నుంచి పొదలకూరు వెళ్లే దారిలో గడ్డి కోసే బ్రష్ కట్టర్లు, స్ప్రేయర్లు, చిన్న పంపుసెట్లు బాగుచేసే ఒక దుకాణం ఉంది. బోర్డు కూడా సరిగా కనిపించని ఆ చిన్న గదిలో మా యంత్రానికి జరిగిన మరమ్మతు ఎంతో పద్ధతిగా సాగింది కనుక, ఆ వివరం నిమ్మతోటల రైతులకు తెలియాలని ఈ సమీక్ష రాస్తున్నాను.

ఈశాన్య రుతుపవనాల వానలు వెలిశాక పాదుల మధ్య గరిక, తుంగ ఒక్కసారిగా కమ్ముకొస్తాయి. సరిగ్గా ఆ అదనులోనే మా టూ స్ట్రోక్ బ్రష్ కట్టర్ మొరాయించింది. తాడు ఎంత లాగినా ఇంజన్ ఒకసారి టప్పుమని ఆగిపోయేది, సైలెన్సర్ దగ్గర పచ్చి పెట్రోలు వాసన వచ్చేది. ముందుగా పట్టణంలోని వేరొక దుకాణంలో చూపిస్తే, స్పార్క్ ప్లగ్ కూడా విప్పకుండానే, గాలినీ పెట్రోలునూ కలిపి ఇంజన్‌కు అందించే కార్బురేటర్ మొత్తం మార్చాలని తేల్చేశారు. చూడకుండా చెప్పిన ఆ మాట నాకు నచ్చలేదు.

ఈ దుకాణంలోని మెకానిక్ యంత్రాన్ని ముట్టుకోకముందే చోక్ ఎంతసేపు మూసి ఉంచుతున్నారు, మొదటిసారి టప్పుమన్నాక దాన్ని తెరుస్తున్నారా, పెట్రోలులో ఆయిల్ ఎప్పుడు కలిపారు అని అడిగారు. చోక్ మూసి ఉన్నప్పుడు గాలి తగ్గి పెట్రోలు ఎక్కువగా లోపలికి పోతుంది కాబట్టి, టప్పుమన్న తరువాత కూడా అలాగే ఉంచి లాగుతూ పోతే ఇంజన్ ఓవర్‌ఫ్లో అయి, ప్లగ్ తడిసి, నిప్పురవ్వ సరిగా పడదని ఓపికగా వివరించారు. "ముందు ప్లగ్ ఆరబెడదాం అన్నా, కార్బురేటర్ యాడికీ పోదు" అంటూ పని మొదలుపెట్టారు.

స్విచ్ ఆపి, ప్లగ్ క్యాప్ ఊడదీసి, పానాతో ప్లగ్ విప్పి చూపించినప్పుడు దాని కొన నల్లగా, నూనె పట్టి, తడితో మెరుస్తున్నది. చోక్ పూర్తిగా తెరిచి, ఎక్సలేటర్ నొక్కి పట్టుకొని, ప్లగ్ రంధ్రం నేలవైపు ఉండేలా ఇంజన్‌ను వంచి తాడును గబగబా లాగితే, లోపల నిలిచిన పెట్రోలు తుంపరగా బయటికి వచ్చింది. ఆ సమయంలో దగ్గర బీడీ గానీ, వెల్డింగ్ గానీ ఉండకూడదని, ప్లగ్ క్యాప్‌ను ఆ రంధ్రానికి దూరంగా పెట్టాలని ఆయన గట్టిగా చెప్పారు. ఇది ఎంతమాత్రం తేలికగా తీసుకోదగిన జాగ్రత్త కాదు. ప్లగ్‌ను పొడిగుడ్డతో తుడిచి, కొనలోని సందును 0.6 నుంచి 0.7 మిల్లీమీటర్ల మధ్య సరిచేసి, తిరిగి బిగించి, చోక్ తెరిచే ఉంచి ఎక్సలేటర్ నొక్కి లాగగానే ఇంజన్ కాసేపు తెల్లపొగ చిమ్మి అందుకున్నది. అలా ఎక్సలేటర్ నొక్కి ఉన్నప్పుడు ఇంజన్ అందుకుంటే బ్లేడు వెంటనే తిరుగుతుంది కనుక, దాన్ని నేలకు తగలకుండా ఎత్తి పట్టుకోవడం తప్పనిసరి.

నాకు ఎక్కువ సంతోషం కలిగించింది దీని తరువాతి పని. ఇంజన్ ఆడుతున్నది కదా అని డబ్బు తీసుకొని పంపేయకుండా, చోక్ తెరిచి ఉన్నా మళ్లీ పెట్రోలు ఎక్కుతుందేమోనని పరీక్షించి, కార్బురేటర్ అడుగు మూత తీసి పెట్రోలును ఆపే సూదిని చూశారు. దాని మొనపై సన్నని మట్టి రేణువు ఇరుక్కొని ఉన్నది, పక్కనున్న డయాఫ్రమ్ అనే పల్చని పొర గట్టిపడి మడతలు పడి ఉన్నది. సూది సరిగా కూర్చోకపోతే పెట్రోలు ఆగదు గనుక ప్లగ్ ఎన్నిసార్లు ఆరబెట్టినా ఇబ్బంది తిరిగి వస్తుంది. ఆ రెండూ మార్చి, ట్యాంకులోని ఫిల్టర్ కూడా కడిగారు. కొత్త ప్లగ్ అక్కరలేదని ఆయనే చెప్పారు. సామానుకూ కూలికీ కలిపి 400 రూపాయలు తీసుకున్నారు.

ఇప్పటి పెట్రోలులో కలిసే ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది కాబట్టి, ఆయిల్ కలిపిన పెట్రోలును వారాల తరబడి నిల్వ ఉంచవద్దని, పని ముగిశాక ట్యాంకు ఖాళీ చేసి, ఇంజన్ దానంతట అదే ఆగేదాకా ఆడించాలని సలహా ఇచ్చారు. ఆయిల్ పాళ్లు అందాజుగా పోయకుండా కంపెనీ పుస్తకంలో చూసుకోవాలి: 50:1 అని ఉంటే 1 లీటరుకు 20 మిల్లీలీటర్లు, 25:1 అని ఉంటే 40 మిల్లీలీటర్లు.

లోటు లేదని చెప్పలేను. బిల్లు ఇవ్వరు, మార్చిన సామానుకు గ్యారంటీ మాట నోటితోనే. సీజనులో యంత్రాలు వరుసగా పేరుకుపోతాయి గనుక ఉదయాన్నే వెళ్లకపోతే మరునాటికి వాయిదా పడుతుంది. ఫోర్ స్ట్రోక్ యంత్రాల సామాను అక్కడ తక్కువగా దొరుకుతుంది, అవి ఉన్నవారు ముందుగా కనుక్కొని వెళ్లడం మంచిది.