సంగీత పాఠశాల తలుపులు తెరవాలా, తానే బడికి వెళ్ళాలా: ఏది మేలు?

సంగీతం కోసమే పెట్టిన పాఠశాలల్లో పనిచేసేవాళ్ళు కలిసినప్పుడల్లా ఒకటే మాట అడుగుతుంటారు: "చుట్టుపక్కల పిల్లలకి ఏదైనా చేద్దామనుకుంటున్నాం. కచేరీ పెడదామా, శనివారం క్లాసులు తెరుద్దామా, మామూలు బళ్ళకి వెళ్ళి నేర్పుదామా?" మూడూ చెయ్యడానికి డబ్బూ చాలదు, మనుషులూ చాలరు. ఈమధ్య మేమూ ఇదే తేల్చుకోవాల్సి వచ్చింది. మేం వారం వారం బడికి వెళ్ళే దారే పట్టాం. అది తప్పు అనేవాళ్ళు మా స్టాఫ్‌రూమ్‌లోనే ఉన్నారు కాబట్టి వాళ్ళ వాదన కూడా చెప్తాను.

ముందు కచేరీ సంగతి. హాలు నిండా పిల్లలు, చప్పట్లు, వార్షిక నివేదికలో వేసుకోవడానికి మంచి ఫోటో. అలాగని తీసిపారేసే పని కాదు. న్యూయార్క్ ఫిల్హార్మోనిక్ ఆర్కెస్ట్రాతో అమెరికన్ కండక్టర్ లెనార్డ్ బెర్న్‌స్టీన్ చేసిన పిల్లల కచేరీలు టీవీలో చూసి సంగీతం వైపు వచ్చినవాళ్ళు ఎందరో ఉన్నారు. కానీ ఆయన ఒకటి చేసి ఊరుకోలేదు. 1958 నుంచి 1972 దాకా 53 చేశాడు, ఒక్కోసారి ఒక్కో విషయం తీసుకుని విడమరచి చెప్పాడు. మనం ఏడాదికోసారి వెళ్ళి ఓ గంట వాయించి వస్తే, ఆ రోజు ముచ్చటపడిన పిల్ల మర్నాడు ఎక్కడికి వెళ్ళాలి? దానికి జవాబు లేకపోతే ఆ కచేరీని ప్రచారం ఖర్చులో రాసుకోవడం న్యాయం.

అసలు పోటీ మిగతా రెంటి మధ్యే.

శనివారం సెంటర్ అంటే మన టీచర్లందరికీ ఇష్టం. గదులు ఉంటాయి, పియానోలు ఉంటాయి. కావాలని వచ్చిన పిల్లలే ఉంటారు కాబట్టి అల్లరి తక్కువ, ఎదుగుదల కంటికి కనబడుతుంది. రెండేళ్ళు తిరిగేసరికి చిన్న ఆర్కెస్ట్రా తయారవుతుంది. వెనెజువెలాలో 1975లో హోసే అంతోనియో అబ్రేయు మొదలుపెట్టిన 'ఎల్ సిస్తెమా' పేరు ఈ సందర్భంలో ఎవరో ఒకరు తప్పకుండా ఎత్తుతారు. బడి అయ్యాక పిల్లలు దగ్గర్లోని సంగీత కేంద్రానికి వస్తారు, మొదటి నుంచీ బృందంలో కూర్చుని నేర్చుకుంటారు. పేరుమోసిన ఆర్కెస్ట్రా కండక్టర్ గుస్తావో దుదమెల్ అక్కడి నుంచి వచ్చినవాడే.

నన్ను ఆలోచనలో పడేసింది కూడా ఆ ఎల్ సిస్తెమాయే. అక్కడ 16 కేంద్రాల్లో 2,914 మంది పిల్లల మీద చేసిన పెద్ద అధ్యయనం ఒకటి 2017లో అచ్చయింది. లాటరీ తీసి కొందరిని ముందు, కొందరిని ఏడాది ఆగి చేర్చుకున్నారు కాబట్టి పోలిక గట్టిదే. ముందు చేరినవాళ్ళలో తమని తాము అదుపులో పెట్టుకునే గుణం కొంత మెరుగైందని తేలింది. దాంతోపాటు ఇంకో సంగతీ బయటపడింది. ఆ ప్రాంతాల్లో పేదరికం 46.5 శాతం ఉంటే, చేరడానికి వచ్చిన పిల్లల్లో అది 16.7 శాతమే. పేద పిల్లల కోసమే అని ప్రపంచమంతా చెప్పుకునే కార్యక్రమంలో, తలుపు తట్టినవాళ్ళలో ఎక్కువమంది కాస్త కలిగినవాళ్ళే.

ఇందులో ఎవరి దురుద్దేశమూ లేదు. ఫారం ఎక్కడ దొరుకుతుందో తెలియాలి. పిల్లని తీసుకొచ్చి దింపడానికి పెద్దవాళ్ళలో ఒకరికి శనివారం ఖాళీ ఉండాలి. సంగీత పాఠశాల గేటు దాటి లోపలికి రావడానికి 'ఇది మనలాంటి వాళ్ళ చోటే' అన్న ధైర్యం ఉండాలి. ఫీజు ఎత్తేస్తే వీటిలో ఒక్కటీ తీరదు. అందుకే నాకు ఈ లెక్కలో అన్నిటికన్నా పెద్ద ప్రశ్న 'ఎంత బాగా నేర్చుకున్నారు' అన్నది కాదు, 'రాకుండా ఉండిపోయింది ఎవరు' అన్నది. బడి వేళల్లో, తరగతి గదిలో, మొత్తం క్లాసుకి నేర్పితే ఆ ప్రశ్నే ఉండదు. హాజరు పట్టీలో పేరున్న ప్రతి పిల్లా అక్కడే ఉంటుంది.

అలాగని బడికి వెళ్ళడం సుఖమైన పని అనుకోకండి. ముప్పైమందిలో సగానికి ఆ గంట మీద ఆసక్తి ఉండదు. ఇచ్చిన గది భోజనాల హాలు అవుతుంది, అవతల గిన్నెల చప్పుడు. మన విద్యార్థుల సంగతి మరీను. కష్టమైన కాన్సెర్టోలు (ఆర్కెస్ట్రాతో కలిసి ఒక్కరు ముందుండి వాయించే పెద్ద రచనలు) అలవోకగా వాయించే పదహారేళ్ళ కుర్రాడు, ఎనిమిదేళ్ళ పిల్లల ముందు పది నిమిషాలు నిలబడలేడు. వాయించడం వేరు, నేర్పడం వేరు. ముందు కొన్నాళ్ళు అనుభవం ఉన్న టీచర్ పక్కన కూర్చోబెట్టి చూపించకుండా పంపితే అటు పిల్లలకీ ఇటు వీడికీ టెన్షనే.

నేర్పేది పాటా, వాద్యమా? ఇక్కడ నేను మొహమాటం లేకుండా పాట వైపే. ముప్పై వయొలిన్లు శ్రుతి చేసేసరికి పీరియడ్‌లో చెప్పుకోదగ్గ భాగం అయిపోతుంది. పైగా పిల్లలు ఎదిగేకొద్దీ పావు సైజు, అర సైజు, ముప్పావు సైజు అని మారుస్తూ పోవాలి. గొంతుకి ఆ బాధ లేదు. హంగరీలో పిల్లలకి సంగీతం నేర్పే పద్ధతికి పేరుపడ్డ స్వరకర్త జోల్తాన్ కొదాయ్ చెప్పింది కూడా ముందు పాడించండి, వాద్యం తర్వాత అనే. ఆయన బాటలో నేర్పేవాళ్ళు వాడే 'డో' అనే మొదటి స్వరం మన షడ్జమం ('స') లాగే ఎక్కడ కావాలంటే అక్కడ పెట్టుకునేది కాబట్టి, ఎంత చిన్న పిల్లలకైనా వాళ్ళకి పట్టే శ్రుతిలో మొదలుపెట్టొచ్చు. ఈ శ్రుతి విషయంలోనే చాలామంది బోల్తా పడతారు. పెద్దవాళ్ళు తమ గొంతుకి హాయిగా ఉన్నచోట ఎత్తుకుంటారు, అది పిల్లలకి మరీ కిందికి పోతుంది, వాళ్ళు గుర్రుమంటారు. మగ గొంతు ఒక స్థాయి కింద పాడి చూపిస్తే ఏది అందుకోవాలో చిన్న పిల్లలకి తెలియదు. ఇంగ్లాండులో 2007లో జాతీయ గాన కార్యక్రమం వచ్చినప్పుడు కేథడ్రల్ (పెద్ద చర్చి) గాయక బృందాల్లోని పిల్లల్నే ప్రాథమిక బళ్ళకి తీసుకెళ్ళి పాడించారు. తమ ఈడు పిల్లల గొంతు విని అందుకోవడం వేరు. మన దగ్గర కూడా చిన్న తరగతులవాళ్ళని వెంట తీసుకెళ్తే సగం పని వాళ్ళే చేసేస్తారు.

ఇంకొక షరతు, దీని మీద మాత్రం బేరం లేదు. క్లాస్ టీచర్ ఆ గంటంతా గదిలోనే ఉండాలి, నోటుపుస్తకాలు దిద్దుకుంటూ కాదు, పిల్లలతోపాటు పాడుతూ. "నాకు పాట రాదండీ" అనే టీచరే ఎక్కువ పనికొస్తుంది, ఎందుకంటే రానివాళ్ళు కూడా పాడొచ్చని పిల్లలకి అప్పుడే తెలుస్తుంది. మనం వారానికి ఒక్కరోజు వెళ్తాం. మిగతా రోజుల్లో పొద్దున్నే ఓ ఐదు నిమిషాలు పాడించేది ఆవిడే. మన డబ్బు అయిపోయాక మిగిలేదీ ఆవిడే.

ఇక మా స్టాఫ్‌రూమ్ వాదన: "ఇలా మూకుమ్మడిగా పాడిస్తే ఒక్క వయొలినిస్టు తయారవుతాడా?" తయారవడు, నిజమే. కానీ తయారు కాగల పిల్ల ఎవరో తెలిసేది అక్కడే. శ్రుతి చటుక్కున పట్టుకునే పిల్లలు ఏడాది తిరిగేలోపు క్లాస్ టీచర్‌కే తెలిసిపోతారు. శనివారం సెంటర్‌లో కొన్ని సీట్లు ఆవిడ పంపే పిల్లలకి అట్టేపెట్టి, రానూపోనూ బండి ఏర్పాటు చేస్తే, మనం వెతుక్కునే ప్రతిభా దొరుకుతుంది, గేటు దగ్గర ఆగిపోయే పిల్లలూ లోపలికి వస్తారు. సెంటర్ వద్దని కాదు నేననేది, దాన్ని రెండో మెట్టుగా పెట్టమని.

మిగతావి క్లుప్తంగా. వృద్ధాశ్రమాల్లో వాయించడం మంచి పని. వయొలిన్ విద్వాంసుడు యెహూదీ మెనుహిన్ 1977లో మొదలుపెట్టిన 'లైవ్ మ్యూజిక్ నౌ' అనే సంస్థ వల్ల యువ కళాకారులకి దగ్గరగా కూర్చున్న శ్రోతలతో మాట్లాడటం కూడా అలవాటైంది. చెయ్యండి, పిల్లల కార్యక్రమం ఖాతాలో మాత్రం కలపకండి. టీచర్ని ఇవ్వకుండా వాద్యాలు అరువివ్వడం అంటే అటక మీదికి పంపడమే. ఆన్‌లైన్‌లో శబ్దం ఆలస్యంగా చేరుతుంది, కోరస్ కుదరదు.

ఆరు బళ్ళకి ఒక్కో టర్మ్ వెళ్ళాలా, ఒకే బడికి మూడేళ్ళు వెళ్ళాలా అని అడిగితే, ఒకే బడికి. ఒప్పుకునే ముందు హెడ్మాస్టర్‌ని రెండే అడగండి: ఈ పీరియడ్ టైమ్‌టేబుల్‌లో ఎక్కుతుందా, క్లాస్ టీచర్ గదిలో ఉంటారా? రెండింట్లో ఏ ఒక్కదానికి కాదన్నా పక్క బడికి వెళ్ళి అడగండి. చుట్టుపక్కల ఏ బడీ ఒప్పుకోకపోతే అప్పుడు శనివారం సెంటరే తెరవండి, కాకపోతే ఫారాలు మీ గేటు దగ్గర కాకుండా ఆ బళ్ళ గేట్ల దగ్గర పంచండి.