కడుపులో మంటకు ఏది మేలు: పాలా, మజ్జిగా, గ్యాస్ మాత్రా?

కడుపు మండుతోందంటే చాలా ఇళ్లలో ముందు ఇచ్చేది గ్లాసుడు చల్లటి పాలు. తాగగానే హాయిగా ఉంటుంది, నిజమే. కానీ పాలలోని కాల్షియం, మాంసకృత్తులు ఆమ్లాన్ని మళ్లీ ఊరిస్తాయి. చిక్కటి పాలైతే కొవ్వు వల్ల అరగడానికీ ఆలస్యమవుతుంది. పల్చటి మజ్జిగలో ఆ కొవ్వు ఉండదు. పులుపు కదా అని భయపడతారు గానీ, కడుపులో ఊరే ఆమ్లం ముందు మజ్జిగ పులుపు ఏపాటిది? పడని వాళ్లు తప్ప మిగతావాళ్లు పాలకన్నా మజ్జిగ తాగడమే మంచిదని నా అభిప్రాయం.

అప్పటికప్పుడు తగ్గాలంటే మాత్రం యాంటాసిడ్ సిరప్‌దే పైచేయి. అయితే దాని ప్రభావం ఎంతోసేపు ఉండదు. సోడా పొడుల్లో సోడియం ఎక్కువ, బీపీ ఉన్నవాళ్లకు మంచిది కాదు. ఇక గ్యాస్ మాత్ర, అంటే ఆమ్లం ఊరడాన్ని తగ్గించే పాంటోప్రజోల్ లాంటిది, తినడానికి అరగంట ముందు వేసుకుంటేనే బాగా పనిచేస్తుంది. చాలామంది భోజనం చేశాక వేసుకుని, తగ్గలేదంటారు.

ఇవన్నీ మంటను తగ్గించేవే, అసలు కారణం వేరే ఉంటుంది. పడుకోగానే గుండెల్లో మంట, పుల్లటి తేనుపులు వస్తుంటే ఆమ్లం పైకి తన్నుతోందన్నమాట. అలాంటివాళ్లకు మాత్రకన్నా ముందు రాత్రి భోజనం మార్చుకోవడం మేలు: తక్కువ తినాలి, పడుకునే వేళకు రెండు మూడు గంటల ముందే ముగించాలి. ఖాళీ కడుపుతో మండి, తింటే తగ్గుతుంటే చిన్నపేగు మొదట్లో అల్సర్ ఉందేమో చూడాలి. మోకాళ్ల నొప్పులకు రోజూ డైక్లోఫెనాక్ మింగేవాళ్లకు కడుపులో పుండు పడే ప్రమాదం ఉంది.

అల్సర్ అంటే కారం, టెన్షన్ అనే అనుకుంటారు. కారం మంటను పెంచవచ్చు, కానీ చాలా అల్సర్లకు మూలం హెలికోబాక్టర్ పైలోరి అనే బాక్టీరియా. దాన్ని కనిపెట్టిన బారీ మార్షల్, రాబిన్ వారెన్‌లకు 2005లో నోబెల్ వచ్చింది. దానికి పథ్యం చాలదు, యాంటీబయాటిక్స్ కోర్సు పూర్తిగా వాడాలి. అందుకే నెలల తరబడి గ్యాస్ మాత్రలు మింగడం కన్నా ఒక్కసారి మలపరీక్షో, శ్వాసపరీక్షో చేయించుకోవడం ఎంతో మేలు. పరీక్షకు రెండు వారాల ముందు నుంచి ఆ మాత్రలు ఆపాలి, లేకపోతే బాక్టీరియా ఉన్నా లేదని రావచ్చు. ఎలా ఆపాలో డాక్టరును అడగండి.

మలం నల్లగా తారులా వచ్చినా, వాంతిలో రక్తం పడినా, మంటతోపాటు చెమటలు పట్టి ఎడమచేయి లాగినా ఇంట్లో ఏ వైద్యమూ చేయకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.