తొమ్మిదేళ్లుగా మా మిద్దె మీద నిలువు కాక్టస్

2016 జూన్‌లో అనంతపురంలోని ఒక నర్సరీలో మూరెడు ఎత్తున్న నిలువు కాక్టస్‌ను కొన్నాను. దాని పేరు సెరియస్ అని, పుట్టినిల్లు దక్షిణ అమెరికా అని తర్వాత తెలిసింది. చేను గట్ల మీద గిల్లితే పాలు కారే జెముడుకూ దీనికీ చుట్టరికం లేదు. దీన్ని కోస్తే వచ్చేది నీళ్లలాంటి జిగురు మాత్రమే.

ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడే మా ఊళ్లో ఈ మొక్క దానంతట అదే పెరుగుతుందని అనుకున్నాను. అమ్మినవారేమో రోజూ చెంబెడు నీళ్లు పోయమన్నారు. రెండూ తప్పేనని తెలియడానికి చాలా కాలం పట్టింది.

మొదటి పొరపాటు ఎండది. వరండా నీడలో పెరిగిన మొక్కను ఏప్రిల్‌లో ఒక్కసారిగా మిద్దె నడుమకు చేర్చాను. నాలుగు రోజుల్లో పడమటి వైపు పాలిపోయి, ఆపై అట్టముక్క రంగులో పొక్కు కట్టింది. ఎండ పడని దానికి ఎండను ముందు ఉదయం పూట మాత్రమే, అదీ రెండు మూడు వారాల పాటు అలవాటు చేయాలి. అలా అలవాటైన తర్వాత నలభై రెండు డిగ్రీల ఎండ కూడా దానిని ఏమీ చేయలేదు.

అసలు శత్రువు నీరు. నర్సరీవారు నింపిన కొబ్బరి పొట్టు తడిస్తే వారం రోజులైనా ఆరదు, పూర్తిగా ఆరితే నీటిని లోపలికి పోనివ్వదు. దానిని తీసేసి ఎర్రమట్టి, ఏటి ఇసుక, ఇటుక ముక్కలు సమపాళ్లలో కలిపి వేశాను. వేసవిలో పది రోజులకొకసారి నిండుగా నీళ్లు పోస్తాను, చలికాలంలో నెలకొకసారి పోసినా ఎక్కువే.

ఇంత జాగ్రత్తపడినా 2022 అక్టోబరులో, ఊళ్లో కాలనీలు మునిగిన వానలకు, కుండీ కింద పెట్టిన పళ్లెంలో నీరు నిలిచి మొదలు కుళ్లింది. బొటనవేలితో నొక్కితే మెత్తగా లోపలికి దిగింది. గోనెసంచి చుట్టి ముగ్గురం పట్టుకుని దానిని పడుకోబెట్టి, ప్రతి కోతకూ కత్తిని తుడుస్తూ, నక్షత్రంలా కనిపించే ఆ కోతలో గోధుమరంగు చుక్క ఒక్కటి కూడా మిగలనంత వరకు చెక్కుతూ పోయాను. రెండడుగులు పోయింది, 2017 నాటి ఎండ మచ్చ కూడా దానితోనే పోయింది! మిగిలిన కాండాన్ని కోత తోలులా గట్టిపడే వరకు నీడలో ఆరబెట్టి, పొడి ఇసుకమట్టిలో నాటి, మూడు వారాలు చుక్క నీరు పోయలేదు. సంక్రాంతి నాటికి కదిపి చూస్తే కదల్లేదు, అంటే వేరు పట్టిందన్నమాట. ఇప్పుడది తొమ్మిదడుగులు ఉంది, పళ్లెం మాత్రం లేదు.

పిండినల్లి పట్టినప్పుడు వేపనూనె చల్లాను. పురుగు పోయింది గానీ, ద్రాక్షపండు మీద ఉండేటటువంటి నీలపు పొడి కూడా చెరిగిపోయి, ఆ మేర కాండం ఇప్పటికీ వెలవెలబోతూనే ఉంది. ఇప్పుడైతే పలచని సబ్బునీటిలో ముంచిన పాత టూత్‌బ్రష్‌తో పురుగున్న చోట మాత్రమే రుద్దుతాను.

ఆషాఢ గాలికి తేలికైన ప్లాస్టిక్ కుండీ రెండుసార్లు బోల్తాపడింది. బరువైన సిమెంటు కుండీకి మార్చి, పిట్టగోడకు తాడుతో కట్టాల్సి వచ్చింది. ముళ్లచెట్టు ఇంట్లో ఉండకూడదని మా అమ్మ నేటికీ అంటూనే ఉంది; చిన్నపిల్లలు తిరిగే మిద్దె విషయంలో నేనూ ఆమె పక్షమే.

2021 మేలో తొలిసారి పూసింది. రాత్రి ఎనిమిది దాటాక అరచేతికి మించిన తెల్లని పువ్వు విచ్చుకుంది, పొద్దెక్కేసరికి వాలిపోయింది. కాయ మాత్రం నిలవలేదు, ఎందుకంటే దీనికి వేరే మొక్క పుప్పొడి కావాలి. పక్కింటివారికి కొమ్మ ఇచ్చి, వారిది పూశాక పుప్పొడి తెచ్చి కుంచెతో అద్దాను, అయినా ఫలితం లేదు. నా కొమ్మ నుంచి వచ్చినది నా మొక్కే కదా! ఈసారి వేరే ఊరి నుంచి విత్తనంతో పెరిగిన మొక్కను తెచ్చుకోవాలి.