పెద్ద వయసు కుక్కకి ఆర్థోపెడిక్ బెడ్: మూడు నెలలు వాడాక చెప్తున్నా

మా జిమ్మీ లాబ్రడార్ అండి, 11 ఏళ్ళు, 34 కేజీలు. అసలు మా బాబాయి వాళ్ళ కుక్క, రాజమండ్రిలో పుట్టి పెరిగాడు. పిన్నీ బాబాయీ తమ్ముడి దగ్గరికి డాలస్ వెళ్ళిపోతూ ఈ వయసులో వాణ్ణి అంత దూరం ఫ్లైట్ ఎక్కించలేమని మాకు అప్పజెప్పారు, జూన్‌లో కార్లో మియాపూర్ తెచ్చుకున్నాం. వాడు వచ్చేలోపే, కీళ్ళనొప్పులున్న కుక్కల కోసం మందపాటి ఫోమ్‌తో చేసే ఈ ఆర్థోపెడిక్ బెడ్ ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టేశాం, 42 ఇంచీల పొడుగు, 30 వెడల్పు, 5 ఇంచీల మందం, 3,900 పడింది.

ఫోమ్ మాత్రం నిజంగా బాగుంది. పిడికిలితో గట్టిగా నొక్కి చూడండి, కింద నేల తగిలిందంటే ఆ బెడ్ పెద్ద కుక్కకి పనికిరాదు, ఇది తగల్లేదు. ముసలి కుక్కలకి ఎముకలు నేలకి ఒత్తుకుని కాయలు కాస్తాయి, జిమ్మీకి మోచేతుల దగ్గర వెంట్రుకలు పోయి నల్లగా బిరుసుగా అయిపోయింది, ఇప్పుడు అక్కడ కొంచెం మెత్తబడింది. ఇంకోటి, దీనికి మూడు వైపులే గట్టు ఉంది, ముందు వైపు ఖాళీ. నాలుగు వైపులా గట్టున్నవి చూడ్డానికి ముద్దుగా ఉంటాయి కానీ కీళ్ళనొప్పులున్న కుక్క కాలెత్తి దాటలేదు, అవి కొనకండి.

కానీ మొదటి ఐదు రోజులు వాడు దాని మొహం కూడా చూళ్ళేదు. మెయిన్ డోర్ దగ్గర డోర్‌మ్యాట్ మీద పడుకుని తలుపు కింద సందులో ముక్కు పెట్టుకుని ఉండేవాడు, రాత్రి రెండింటికి లేచి హాలంతా టక టకమని గోళ్ళ చప్పుడు చేసుకుంటూ తిరిగేవాడు, ఒకసారి కిచెన్ దగ్గర వెనక కాళ్ళు రెండూ జారి అలాగే కూలబడిపోయాడు, లేవలేక నా వైపు చూశాడు. ఆ చూపు నాకింకా గుర్తుంది. బాబాయి వాళ్ళది పాత ఇల్లు, నాపరాళ్ళ గచ్చు, పెరట్లో మట్టి, వాడి కాళ్ళకి పట్టు అలవాటు, మాది నున్నటి విట్రిఫైడ్ టైల్స్. డోర్‌మ్యాట్ ఎందుకు వదల్లేదో అప్పుడు అర్థమైంది, ఇల్లంతటిలో కాలు జారని చోటు అదొక్కటే.

వెట్ దగ్గరికి తీసుకెళ్తే గోళ్ళు తీసి, అరికాళ్ళ వేళ్ళ మధ్య పెరిగిన వెంట్రుకలు కత్తిరించారు, వాటివల్ల కూడా జారతాయట. తుంటి కీళ్ళు అరిగాయని మందు రాశారు. మన నొప్పి మాత్రలు, పారాసిటమాల్ గానీ బ్రూఫెన్ గానీ సొంతంగా వేయొద్దని గట్టిగా చెప్పారు, కుక్కలకి అవి విషం. ఆ సాయంత్రమే కింద రబ్బరున్న మ్యాట్లు కొని తలుపు నుంచి నీళ్ళ గిన్నె దాకా, అక్కణ్ణుంచి బెడ్ దాకా దారిలా పరిచాం. బెడ్ కొంటే ఈ మ్యాట్లు కూడా కొనాల్సిందే అనుకోండి, దాని దగ్గరికి నడవలేకపోతే ఎంత మంచి ఫోమ్ ఉండి ఏం లాభం.

ఇంకోటి చెప్పాలి. వచ్చేటప్పుడు పిన్ని, బాబాయిది పాత లుంగీ ఒకటి ఉతక్కుండా కవర్లో చుట్టి ఇచ్చింది, నేనది కార్ డిక్కీలో మర్చిపోయా. ఆరో రోజు తెచ్చి బెడ్ మీద పరిచా. జిమ్మీ వచ్చి వాసన చూశాడు, చాలాసేపు చూశాడు, తర్వాత ముందు కాళ్ళు పెట్టి, ఆగి, మెల్లిగా వెనక కాళ్ళు కూడా లాక్కుని అందులో గుండ్రంగా పడుకున్నాడు. మా ఆవిడకి ఏడుపొచ్చేసింది. కాబట్టి కుక్క ముందున్న ఇంటి బట్ట ఏదైనా ఉంటే దయచేసి ఉతక్కండి. అలాగే మొదటి వారాల్లో పాత వాళ్ళతో వీడియో కాల్స్ వాడికి వినపడనివ్వకండి, పిన్ని గొంతు విని వాడు గది గదీ వెతుక్కుంటూ తిరిగాడు, చూడలేకపోయాం.

ఇక లోపాలు. జిప్ రెండో నెలకే పళ్ళు ఊడిపోయింది, లోపల వాటర్‌ప్రూఫ్ కవర్ ఇవ్వలేదు, ఒకరోజు వాడు నిద్రలో పాస్ పోసుకుంటే ఫోమ్‌లోకి దిగిపోయింది, వానాకాలం కదా ఆరడానికి మూడు రోజులు పట్టింది. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే 7 రోజులు దాటితే రీప్లేస్‌మెంట్ లేదన్నారు. ముసలి కుక్కల కోసమని అమ్మేవాళ్ళకి అవి పాస్ ఆపుకోలేవని తెలియదా అండి? చివరికి మేమే పిల్లల మంచాలకి వేసే రబ్బరు షీట్ కొని లోపల చుట్టి, టైలర్ దగ్గర కొత్త జిప్ వేయించాం.

మొన్న నిమజ్జనం ఊరేగింపు మా వీధిలోంచి పోయింది, డప్పులు, డీజే. జిమ్మీ తలుపు దగ్గరికి పోలేదు, మ్యాట్ల మీదుగా నడుచుకుంటూ వెళ్ళి తన బెడ్‌లో లుంగీ మీద తల పెట్టుకున్నాడు.

నాలుగు స్టార్లు ఇస్తున్నా, ఒకటి జిప్‌కీ కవర్‌కీ తగ్గించా. 30 కేజీలు దాటిన కుక్కైతే ఈ సైజే తీసుకోండి, దీనికంటే చిన్నదైతే కాళ్ళు బయటికొచ్చేస్తాయి.