యూకేజీ కిట్టు: పెట్టెలో ఏది పనికొస్తుంది, ఏది అటకెక్కుతుంది

జూన్‌లో బడులు తెరిచే ముందు హన్మకొండ చౌరస్తాలో, వరంగల్ జేపీఎన్ రోడ్డులో పుస్తకాల దుకాణాల ముందు ఎల్‌కేజీ, యూకేజీ కిట్లు పేర్చి పెడతారు. కంపెనీ ఏదైనా లోపలి సరుకు దాదాపు ఒకటే. పూసల పలక, బలపాల డబ్బా, గాడి అక్షరాల కాపీలు, వాటికి ఒక మ్యాజిక్ పెన్ను, ఇంగ్లిష్ అయస్కాంత అక్షరాలు, ఫ్లాష్‌కార్డులు, గోడ చార్టు. ఖరీదైన పెట్టెలో మాట్లాడే పుస్తకం కూడా వస్తుంది. వీటిలో పెట్టిన డబ్బుకు పూర్తిగా న్యాయం చేసేది పూసల పలక ఒక్కటే. మిగతా వాటిలో సగం లేకపోయినా నష్టం లేదు. తెలుగు చదవడానికి అసలు కావలసినదైతే ఆ పెట్టెలో ఉండనే ఉండదు.

పూసల పలకతోనే మొదలుపెడదాం. కొనేటప్పుడు తీగకు పది పూసలు ఉన్నదే తీసుకోండి. చిన్న పలకల్లో తీగకు ఆరో ఏడో పెట్టి సరిపెడతారు. అవి లెక్కకు పనికిరావు, ఎందుకంటే పదుల సంగతి అర్థం కావాలంటే ఒక తీగ నిండితే పది కావాలి. పదిలో ఐదు ఒక రంగు, ఐదు ఇంకో రంగు అయితే మరీ మంచిది. అన్నీ ఒకే రంగులో ఉంటే ఐదో పూస దాకా గోళ్ల రంగు పూయండి. అప్పుడు పిల్లలు ఏడును ఒక్కొక్కటిగా ఎంచకుండా ‘ఐదు, ఇంకో రెండు’ అని చూపుతోనే పట్టుకుంటారు. తరువాత కూడికలకు ఈ చూపే ఆధారం. తీగ కొసలు చట్రంలో లోపలికి దిగి ఉన్నాయో లేదో వేలితో తడిమి చూడండి. బయటికి పొడుచుకొచ్చిన కొస చేతిని గీరుతుంది, పూసలు కూడా అక్కడినుంచే ఊడిపోతాయి. వాడేటప్పుడు పలకను ఒళ్లో కాక నేల మీద పరిచి పెట్టాలి. వంచి పట్టుకుంటే పూసలు వాటంతటవే జారి లెక్క తప్పుతుంది, పిల్లలు తమదే తప్పనుకుంటారు.

ఒకటి నుంచి వంద దాకా గడగడా చెప్పే పిల్లను ‘ఏడు పూసలు ఇటు జరుపమ్మా’ అని అడిగి చూడండి. చాలామంది ఆగకుండా తీగ చివరిదాకా జరిపేస్తారు. పాటలా అప్పజెప్పడం వేరు, ఎంచడం వేరు. పూసకొక అంకె పడాలి, చివర పలికిన అంకే మొత్తం అని తెలియాలి. పరీక్ష తేలిక. ఎంచడం అయ్యాక ‘మొత్తం ఎన్ని?’ అని అడగండి. మళ్లీ ఒకటి నుంచి మొదలుపెడితే ఆ సంగతి ఇంకా అందలేదన్నమాట. అలాంటప్పుడు ఐదు దాటకండి. ఐదులోపు ఏ సంఖ్య అడిగినా సరిగ్గా జరిపి ఆగిపోవడం వచ్చాకే ఆరుకు వెళ్లండి. పదకొండు నుంచి రెండు తీగలు వాడండి: పై తీగ మొత్తం, కింది తీగలో మూడు, అది పదమూడు. పదమూడులో పది, మూడు రెండూ చెవికి వినిపిస్తాయి. ఇరవై ఒకటి నుంచి ఇంకా సాఫీగా సాగుతుంది. ఇంగ్లిష్‌లో మాత్రం థర్టీన్, థర్టీ దగ్గర పిల్లలు తికమక పడతారు. ఆ చిక్కు వచ్చినప్పుడు ముందు తెలుగులో ఎంచి, అవే పూసలను ఇంగ్లిష్‌లో మళ్లీ ఎంచమనండి. ఒకే లెక్కలో రెండు భాషలు కలపొద్దు.

పలక పక్కన పెట్టాక కూడా లెక్క ఆగనక్కర్లేదు. సర్వపిండి గిన్నెకు అద్ది వేలితో గుంతలు పెడుతుంటే పక్కన కూర్చున్న పిల్ల గుంతకొక అంకె చెప్పొచ్చు. నాలుగు గవ్వల అష్టాచెమ్మా అయితే ఐదేళ్ల వాళ్లకు ఏ కిట్టూ ఇవ్వనంత లెక్క ఇస్తుంది. గవ్వలు చూసి సంఖ్య చెప్పాలి, అన్ని గళ్లు జరపాలి, తానున్న గడిని ఒకటిగా ఎంచకుండా తరువాతి గడి నుంచి మొదలుపెట్టాలి. ఈ చివరిది పిల్లలకు కష్టం, మొదట్లో అందరూ ఉన్న గడినే ఎంచుతారు. కాయను ఎత్తి పక్క గడిలో పెడుతూ ‘ఒకటి’ అనిపిస్తే సర్దుకుంటుంది.

పలక రాత సంగతి. బాసరలో అక్షరాభ్యాసం చేయించి తెచ్చిన పలకను చాలా ఇళ్లలో దేవుడి గూట్లో పెట్టేస్తారు. తీసి చేతికివ్వండి. రాతి పలక, రేకు పలక రెండూ మంచివే. ప్లాస్టిక్ బోర్డు మీద మార్కర్ జారిపోతుంది, పలక మీద బలపం కాస్త పట్టుతో గీరుతుంది కాబట్టి గీత ఎటు పోతోందో వేళ్లకు తెలుస్తుంది. బలపాన్ని అంగుళం ముక్కలుగా విరిచి ఇవ్వండి. పొడుగు బలపాన్ని పిల్లలు పిడికిలితో పట్టుకుంటారు, ముక్కను బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలితో తప్ప పట్టుకోలేరు. బలపాలు తినే పిల్లలుంటే తిట్టి ఊరుకోకండి. రక్తంలో ఇనుము తగ్గినప్పుడు ఇలాంటి తిండి మీదికి మనసు పోవడం ఉంటుంది, డాక్టరుకు చూపించాలి.

గాడి కాపీల మీద మోజు ఎక్కువ. అక్షరం లోతుగా అచ్చు ఉంటుంది, పెన్ను అందులో తిప్పాలి, కాసేపటికి రాత దానంతటదే మాయమవుతుంది. చేతికి అలవాటు కావడానికి మొదట కొద్ది రోజులు పరవాలేదు. అంతకు మించి పెట్టుకుంటే రాత రాదు, ఎందుకంటే పెన్నును గాడి నడిపిస్తుంది, కన్ను అక్షరాన్ని చూడదు. పక్కన తెల్లకాగితం పెట్టి అదే అక్షరం వేయమంటే చేయి ఆగిపోతుంది. కొన్ని కాపీల్లో గీత ఎక్కడ మొదలవ్వాలో బాణం గుర్తు ఉండదు, పిల్లలు కింది నుంచి పైకి తిప్పడం అలవాటు చేసుకుంటారు. వాడేటట్లయితే గాడిలో ఒకసారి, వెంటనే పలక మీద రెండుసార్లు, ఆ తరువాత చూడకుండా ఒకసారి. పెన్ను మూత తీసి వదిలేస్తే రీఫిల్ ఎండిపోతుంది.

అయస్కాంత అక్షరాల్లో ఉండేవి ఎక్కువగా పెద్ద బడి (క్యాపిటల్) ఇంగ్లిష్ అక్షరాలు. పుస్తకంలో ఎక్కువగా కనిపించేవి మాత్రం చిన్న బడివి (స్మాల్), కాబట్టి రెండూ ఉన్నది చూసి కొనండి. చిన్న బి, డి, పి, క్యూ ముక్కలను తిప్పితే ఒకటి ఇంకొకటి అవుతుంది. ప్రతి ముక్కకు అడుగున శాశ్వత మార్కరుతో ఒక చుక్క పెడితే ఏది కిందో తెలుస్తుంది. వెనక అతికించిన అయస్కాంతం గోరుతో గీకితే ఊడివస్తుందంటే ఆ పెట్టె వదిలేయండి. రెండు అయస్కాంతాలు మింగితే కడుపులో ఒకదాన్నొకటి లాక్కుని పేగును నొక్కేస్తాయి, ఆపరేషన్ దాకా పోతుంది. ఇంట్లో మూడేళ్లలోపు తమ్ముడో చెల్లో ఉంటే అసలు కొనొద్దు.

తెలుగు విషయంలో కిట్లు చేసే అన్యాయం చార్టు దగ్గర కనిపిస్తుంది. చార్టులో 56 అక్షరాలు బొమ్మలతో ఉంటాయి. ఎక్కడా రాయని ఌ, ౡ కూడా వాటిలోనే. ఆవు బొమ్మ చూసి ‘ఆ’ అనే పిల్లకు అక్షరం వచ్చినట్టు కాదు. బొమ్మ మీద చేయి అడ్డం పెట్టి అడగండి, అప్పుడు తెలుస్తుంది. పైగా చార్టు వరసలో పోతే హల్లులకు చేరేసరికి నెలలు పడతాయి, అప్పటిదాకా పిల్ల ఒక్క మాట కూడా చదవదు. కావలసింది విడి అక్షరాలు. వాటిని ఇంట్లోనే చేసుకోవచ్చు.

పాత అట్టపెట్టెను మూడంగుళాల చదరాలుగా కోసి, నల్ల స్కెచ్‌తో క, ల, త, వ, ప రాయండి. ‘ల’, ‘క’ రెండేసి చేయండి. గుణింతం అక్కర్లేకుండానే తల, కల, వల వచ్చేస్తాయి. ‘వ’ గట్టిపడ్డాక ‘ప’ ముక్క తీసి పలక. ఆ మూడు ముక్కలనే తిరగేసి పేర్చితే కలప. ఈ ఒక్క మార్పు చూసినప్పుడు పిల్లలకు చదువంటే ఏమిటో అందుతుంది: అక్షరాల వరస మారితే మాట మారుతుంది. ముక్కలు పేర్చే ముందు చప్పట్లతో పలికించండి. ప-ల-క, మూడు చప్పట్లు, మూడు ముక్కలు. ఐదు అక్షరాలూ నిలిచాక ర, గ, జ, డ కలపండి, జడ, గడప, వరద కోసం ద కూడా. ప-వ, మ-య, న-స జంటలను ఒకే వారంలో ఇవ్వొద్దు, ఒకటి గట్టిపడ్డాకే రెండోది. రోజుకు పదిహేను నిమిషాలు చాలు, ఇంకా ఆడుదామంటుండగానే ఆపేయాలి.

మాట్లాడే పుస్తకం నొక్కితే పలుకుతుంది, పిల్లలు వింటారు, అంతే. కథ మనిషి చదివితే ‘తరువాత ఏమవుతుందంటావు?’ అని అడుగుతారు, యంత్రం అడగదు. కొనే ఉంటే బ్యాటరీ మూతకు స్క్రూ ఉందో లేదో చూడండి. లోపల బొత్తాం సెల్ ఉండి మూత గోరుతో తెరుచుకుంటే ఇంట్లో ఉంచొద్దు. ఆ సెల్ గొంతులో ఇరుక్కుంటే రెండు గంటల్లోనే లోపల కాలుతుంది.

బడివాళ్లు యూకేజీలోనే పేజీలకు పేజీలు రాయిస్తున్నారని కంగారుపడి పెద్ద కిట్టుకు వెళ్లే తల్లిదండ్రులు చాలామంది ఉన్నారు. 2021లో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన నిపుణ్ భారత్ కార్యక్రమం లక్ష్యం పెట్టుకున్నది మూడో తరగతి పూర్తయ్యేసరికి అర్థం చేసుకుంటూ చదవడం, ప్రాథమిక లెక్కలు రావడం. ఐదేళ్లకే ఒత్తులూ గుణింతాలూ పూర్తి చేయించాల్సిన తొందర ఎక్కడా లేదు.

కాబట్టి పూసల పలక, ఒక మామూలు పలక, బలపాలు విడిగా కొనండి. కిట్టు ధరలో కొంత భాగంతోనే అయిపోతుంది, మిగిలిన డబ్బుకు పెద్ద అచ్చు తెలుగు కథల పుస్తకాలు రెండు మూడు వస్తాయి. కిట్టే కావాలనుకుంటే దుకాణంలోనే పెట్టె విప్పించి తీగలు, అయస్కాంతాలు చూసుకోండి. ఆటవస్తువులకు 2021 జనవరి 1 నుంచి ఐఎస్ఐ ముద్ర తప్పనిసరి, అది పెట్టె మీద లేకపోతే ధర ఎంత తగ్గించినా తీసుకోవద్దు.