బొంతలకి లేబుళ్లు ఆర్డర్ పెట్టేవాళ్లు జాగ్రత్త: ‘ఎన్నిసార్లు ఉతికినా చెరగదు’ అన్న అక్షరాలు మొదటి ఉతుకులోనే పోయాయి

బొంతలు కుట్టేవాళ్లలో ఆ ఆన్‌లైన్ షాపు తెలియనివాళ్లు తక్కువ. మన పేరు, సంవత్సరం, ఎవరి కోసం కుట్టామో రాసి పంపితే నూలుగుడ్డ మీద ప్రింట్ చేసి, అంచులు మడిచి, ఇస్త్రీ చేసి పంపుతారే, వాళ్లే. పేరు రాయను, మీకు అర్థమవుతుంది. రేటింగులన్నీ బాగున్నాయి. ఫొటోలు చక్కగా ఉన్నాయి. పేజీలో పైనే “వాష్‌ప్రూఫ్, ఎన్నిసార్లు ఉతికినా చెరగదు” అని రాసి ఉంది. అది చదివే ఆర్డర్ పెట్టాను. ఈరోజు ఆ లేబుల్ మీద ఒక్క పేరూ చదవడానికి లేదు. చుట్టూ అస్తరు మీద ఊదారంగు మరక పాకింది. కోపం తగ్గేదాకా ఆగితే ఈలోపు ఇంకెవరో ఆర్డర్ పెట్టేస్తారని ఇప్పుడే రాస్తున్నాను.

ఆ బొంత మా అక్క మనవరాలిది. పైభాగమంతా మా అమ్మ నూలుబట్టల ముక్కలు. అమ్మ ఇప్పుడు లేదు, ఆ గుడ్డ మళ్లీ దొరికేది కాదు. లేబుల్ మీద అమ్మ పేరు, పాప పేరు, పాప పుట్టిన సంవత్సరం, కింద చిన్న అక్షరాల్లో నా పేరు. పాప పెద్దయ్యాక ఈ ముక్కలు ఎవరివో తెలియాలంటే చెప్పేది ఆ లేబుల్ ఒక్కటే.

లేబుళ్లతో పాటు వాళ్లు పంపిన చీటీ ఇంకా నా దగ్గరుంది. చల్లటి నీళ్లు, తేలికపాటి సబ్బు, నానబెట్టవద్దు, బ్లీచ్ వద్దు అని ఉంది. అక్షరం తప్పకుండా అలాగే ఉతికాం. నీళ్లలోంచి తీసేసరికే నలుపు కాస్తా నీలం, ఊదా రంగులుగా విడిపోయి లేత రంగు అస్తరులోకి దిగిపోయింది. అక్క ఫోన్ చేసి ముందు నాకే సారీ చెప్పింది, తనేదో పాడుచేసిందనుకుని. ఆ మాట విన్నప్పుడే నాకు కడుపు మండిపోయింది.

ఫొటోలు తీసి షాపుకి పంపాను. డబ్బు వెనక్కి ఇవ్వమని కూడా అడగలేదు. మరక ఎలా తీయాలో చెప్పండి, ఏ ఇంకు వాడారో చెప్పండి అని మాత్రం అడిగాను. చాలాసేపటికి జవాబొచ్చింది: “మీరు వేడినీళ్లు వాడి ఉంటారు.” లేదు, మీ చీటీ ప్రకారమే చేశాం అని చీటీ ఫొటో పెట్టాను. “సబ్బు ఘాటుగా ఉండి ఉంటుంది” అన్నారు. సబ్బు డబ్బా ఫొటో కూడా పెట్టాను. ఇంకు సంగతి మళ్లీ అడిగితే “అది మా బిజినెస్ సీక్రెట్ మేడమ్” అన్నారు.

సరే, మీ పేజీలో వాష్‌ప్రూఫ్ అని మీరే రాశారు కదా అన్నాను. కాసేపు ఉలుకూపలుకూ లేదు. ఆ తర్వాత “మా పేజీలో అలా ఎక్కడుందో చూపించండి” అని అడిగారు. పేజీ తెరిచి చూశాను. వాష్‌ప్రూఫ్ అన్న మాట లేదు! దాని స్థానంలో “అలంకరణ కోసం మాత్రమే, డ్రైక్లీన్ చేయాలి” అని ఉంది. నేను చాట్‌లో మాట్లాడుతూ ఉండగానే, ఆ కాసేపట్లోనే, మాట మార్చేసి నన్ను చూపించమంటున్నారు. ఇంకు పోవడం పొరపాటు అనుకోవచ్చు, ఏ దుకాణంలోనైనా ఒక బ్యాచ్ పాడవుతుంది. ఇది పొరపాటు కాదు. ఎదుటి మనిషిని అబద్ధాలకోరుగా నిలబెట్టాలని కూర్చుని చేసిన పని.

అదృష్టం కొద్దీ ఆర్డర్ ఖరారైనప్పుడు వచ్చిన మెయిల్‌లో పాత వర్ణన మొత్తం ఉంది. దాన్ని స్క్రీన్‌షాట్ తీసి పంపాను. దానికి వచ్చిన జవాబు ఉన్నదున్నట్టు రాస్తున్నాను: “ఒక పాత బొంతకి ఇంత రాద్ధాంతమా మేడమ్? ఇంకోటి కుట్టుకోండి.” ఆ వెంటనే నన్ను బ్లాక్ చేశారు.

బొంతలు కుట్టేవాళ్ల డబ్బుతో నడిచే షాపు అనాల్సిన మాటేనా ఇది? రాద్ధాంతం ఎందుకో చెబుతాను. హారియట్ పవర్స్ అని, బానిసగా పుట్టిన నల్లజాతి స్త్రీ. బైబిల్ కథల బొమ్మలతో ఆమె కుట్టిన బొంతను (బైబిల్ క్విల్ట్ అంటారు) 1886లో అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో జరిగిన ఒక సంతలో ప్రదర్శించారు. ఇప్పుడది వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ మ్యూజియంలో ఉంది. దానిలో ఏ గడికి ఏ అర్థమో ఇవాళ మనకు తెలుస్తున్నదంటే, దాన్ని కొన్నావిడ పవర్స్ చెప్పినవన్నీ రాసిపెట్టడం వల్లే. పేరు, ఊరు లేకుండా మిగిలిపోయిన బొంతలు ఎన్ని మ్యూజియాల్లో ఉన్నాయో! వాటి కింద “కుట్టినవారు తెలియదు” అని రాస్తారు. నెలల తరబడి చేత్తో కుట్టిన మనిషికి చివరికి దక్కేది ఆ ముక్క కాకూడదనే మనం లేబుల్ వేస్తాం.

ఆ రాత్రే మిగిలిన లేబుల్ ఒకటి తీసి పరీక్ష చేశాను. ఒక అక్షరం మీద నీటిచుక్క వేసి, తెల్లగుడ్డ పెట్టి నొక్కాను. రంగు గుడ్డకి అంటింది. ఇంకో మూల బాగా వేడిగా ఇస్త్రీ చేసి మళ్లీ నొక్కాను, మళ్లీ అంటింది. అంటే అది మామూలు డై ఇంకు. డై ఇంకులో రంగు నీళ్లలో కరిగిపోయి ఉంటుంది, కాబట్టి నీళ్లు తగిలితే మళ్లీ కదులుతుంది. ప్రింట్ చేసే ముందు గుడ్డని రంగు పట్టించే మందులో నానబెట్టి ఆరబెడితే కొంత నిలుస్తుంది. వీళ్లు అదీ చేయలేదు. పిగ్మెంట్ ఇంకు వేరు. అందులో ఉండేవి నీళ్లలో కరగని సన్నటి రంగు రేణువులు, అవి పోగుకి అతుక్కుని ఉంటాయి. వాష్‌ప్రూఫ్ అని రాయాలంటే కనీసం ఆ ఇంకు వాడి ఉండాలి.

అదే షాపులో “నూటికి నూరు శాతం నూలు మీద సబ్లిమేషన్ ప్రింట్, శాశ్వతం” అని ఇంకో రకం కూడా అమ్ముతున్నారు. దాని జోలికీ వెళ్లకండి. సబ్లిమేషన్ రంగు సుమారు 200 డిగ్రీల సెల్సియస్ వేడికి ఆవిరై పాలిస్టర్ పోగులోకి దిగుతుంది. నూలు ఆ రంగుని పట్టి ఉంచలేదు, నాలుగు ఉతుకులకే వెలిసిపోతుంది. పాలిస్టర్ శాటిన్ పట్టీ మీద అయితే ఆ ప్రింట్ నిజంగానే నిలుస్తుంది, కాకపోతే మెత్తటి నూలుబొంత వెనక అది జారుడుగా, బిరుసుగా తగులుతుందని నాకు నచ్చదు.

చేత్తో రాయడానికి నాకు తెలిసినంతలో నమ్మకమైనది పిగ్మెంట్ ఇంకు పెన్నే. జపాన్‌కి చెందిన సకురా కంపెనీ 1982లో తెచ్చిన పిగ్మా ఇంకు పెన్నులు అలాంటివే. గుడ్డని ముందు ఉతికి ఆరబెట్టండి, గంజి ఉంటే ఇంకు పైపైనే ఆగిపోతుంది. ఒకవైపు సన్నటి ప్లాస్టిక్ పూత ఉండే ఫ్రీజర్ పేపర్ అని దొరుకుతుంది, గుడ్డ వెనక దాని మెరిసే వైపు ఆనించి ఇస్త్రీ చేస్తే అతుక్కుని బిగువుగా ఉంటుంది, పెన్ను ఆగకుండా నడుస్తుంది. రాశాక ఆరనిచ్చి, పైన పల్చటి గుడ్డ వేసి ఇస్త్రీ చేయాలి. రాతసిరా మాత్రం వద్దు. 1840ల ప్రాంతంలో అమెరికాలో పేర్లు రాసిన బొంతలు తెగ కుట్టేవాళ్లు. ఇనుము కలిసిన సిరాతో రాసిన వాటిలో కొన్నిచోట్ల ఆ సిరా గుడ్డని తినేసి, అక్షరం ఉండాల్సిన చోట చిల్లు మిగిలింది. ఇవేవీ కుదరకపోతే కాడకుట్టుతో పేరు కుట్టేయండి. దారం మాత్రం రంగు దిగనిదై ఉండాలి.

ఎవరి దగ్గర కొన్నా డై ఇంకా, పిగ్మెంటా అని ముందే రాతపూర్వకంగా అడగండి. ఐఎస్‌ఓ 105-సి06 అనేది అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ (ఐఎస్‌ఓ) పెట్టిన పరీక్ష, ఇంటి ఉతుకులో రంగు ఎంత నిలుస్తుందో, పక్క గుడ్డకి ఎంత అంటుతుందో చూస్తారు. దానిలో 5 వస్తే అన్నిటికన్నా మంచిది, 1 వస్తే అధ్వానం. ఆ ఫలితం చూపించగలిగే షాపు అయితే మరీ మంచిది. ఒక లేబుల్ ఎక్కువ తెప్పించుకుని, దాన్ని తెల్లగుడ్డకి టాకాలు వేసి ఉతికి చూశాకే బొంతకి కుట్టండి. పేజీ స్క్రీన్‌షాట్ ఆర్డర్ పెట్టిన రోజే తీసుకోండి.

ఆ షాపు లేబుళ్లు ఇప్పటికే కుట్టేసినవాళ్లు బొంత నీళ్లలో పెట్టకముందే విప్పేయండి. రంగు దిగిపోయి ఉంటే ఆరనివ్వకండి, ఇస్త్రీ అసలే చేయకండి, వేడికి మరక గట్టిపడుతుంది. తడిగా ఉండగానే పెద్ద తొట్టిలో ఎక్కువ నీళ్లు, సబ్బు వేసి ముంచి, నీళ్లకి రంగు దిగినప్పుడల్లా మారుస్తూ ఉండండి. మా బొంత ఇంకా తొట్టిలోనే ఉంది, మరక కొంచెం పల్చబడింది. నేను పేమెంట్ కంపెనీకి మెయిల్, చాట్ అన్నీ జతచేసి ఫిర్యాదు పెట్టాను. మీ దగ్గర కూడా వాష్‌ప్రూఫ్ అని రాసి ఉన్న పాత ఆర్డర్ మెయిల్ ఉంటే చెరిపేయకండి, దానితో మీరూ ఫిర్యాదు పెట్టండి.