నాన్న కోసం నిలబెట్టిన కార్లు: నెబ్రాస్కాలో ఒక వీకెండ్

డెన్వర్ నుంచి అలయన్స్‌కి కారులో సుమారు నాలుగు గంటలు. అమెరికాలోని నెబ్రాస్కా రాష్ట్రం పడమటి కొసన, బాక్స్ బ్యూట్ కౌంటీలో ఉన్న చిన్న రైల్వే ఊరు. దారంతా గడ్డి మైదానాలు, ఆవుల మందలు, బారులు తీరిన బొగ్గు రైళ్లు.

మేం వెళ్లింది కార్‌హెంజ్ చూడటానికి. ఊరికి ఉత్తరాన మూడు మైళ్ల దూరంలో, 87వ నంబరు హైవే పక్కనే ఉంటుంది. ఇంగ్లండులోని స్టోన్‌హెంజ్ రాళ్ల వలయం లాగే ఇక్కడ పాత అమెరికన్ కార్లను నిలువుగా పాతి, వాటి మీద అడ్డంగా ఇంకో కారు ఎక్కించి వెల్డింగ్ చేశారు. అన్నిటికీ రాతిని తలపించే బూడిద రంగు. స్టోన్‌హెంజ్‌లో విడిగా నిలబెట్టిన ఒక రాయికి బదులు ఇక్కడ 1962 కాడిలాక్ కారు ఉంది.

దీన్ని కట్టింది జిమ్ రైండర్స్. వాళ్ల నాన్న ఒకప్పుడు ఉన్న పొలంలో, ఆయన జ్ఞాపకార్థం, 1987 జూన్‌లో బంధువులంతా చేరి లేపారు. మన ఊళ్లలో నాన్న పేరున చలివేంద్రం పెడతాం, బస్టాపులో సిమెంటు బల్ల వేయిస్తాం. నాకు అదే గుర్తొచ్చింది. మొదట్లో స్థానికులు కొందరు తీసేయమని పట్టుబట్టారట. 2013లో అది ఊరి ఆస్తి అయింది. 2017 ఆగస్టు 21న సంపూర్ణ సూర్యగ్రహణాన్ని ఇక్కడి నుంచే చూడటానికి జనం తరలివచ్చారు.

టికెట్ లేదు. నీడ కూడా లేదు, గాలి గట్టిగా వీస్తుంది. సాయంత్రం వెళ్లడమే మంచిది.

మేం దిగిన మోటెల్ మాత్రం ఫొటోల్లో ఉన్నట్టు లేదు. ఏసీ మోతకి పాప నిద్రపోలేదు. రాత్రి పదింటికి అడిగితే విసుక్కోకుండా గది మార్చారు, అది మెచ్చుకోవాలి. శాకాహారులకు తిండి కష్టం. పులిహోర, పెరుగు తీసుకెళ్లాం కాబట్టి టెన్షన్ లేకపోయింది.

మర్నాడు ఊళ్లోని నైట్ మ్యూజియంలో రెండు గంటలు గడిపాం. ఈ నేల మీద బతికిన ఆదివాసీలు, వలస రైతులు, రైల్వే వాళ్ల కథలు అక్కడున్నాయి. అది చూడకుండా వెనక్కి రావద్దు. పాత ఇళ్లు, దుకాణాలు ఒకచోట చేర్చిన డాబీస్ ఫ్రాంటియర్ టౌన్‌ని పైపైనే చూశాం.

బయల్దేరే ముందు సాయంత్రం మళ్లీ కార్ల దగ్గరికి వెళ్లాం. ఇండియాలో తెల్లవారింది. వీడియో కాల్‌లో నాన్నకి చూపిస్తే, "ఈ గాలికి పడిపోవూ? ఎంత లోతు పాతారురా?" అన్నారు. ఐదడుగులు నాన్నా అన్నాను. ఒక్కో కారూ దగ్గరగా చూపించమన్నారు.